గ్రీనిచ్ గీత తప్పు కాదండీ, గుండును అడగండి

లండన్‌లో గ్రీనిచ్ కొండ మీద, రేఖాంశాలకు సున్నాగా గుర్తించిన గీత దగ్గర తీసిన వీడియోలు ఎన్ని చూశానో లెక్కే లేదు. అన్నింటిలోనూ ఒకటే తంతు. లోహపు గీతకు అటొక కాలు, ఇటొక కాలు, చేతిలో ఫోను. వెంటనే ఒక కేక: “సున్నా డిగ్రీలు చూపించడం లేదు, ఈ గీత తప్పు!”

తప్పు కాదండీ. ఫోను చెప్పే సున్నా రేఖ అక్కడికి 102 మీటర్లు తూర్పున, పార్కులో ఉంది. రెండూ సరైనవే. ఎలాగో చెబుతాను.

గోడ కట్టే మేస్త్రీ దారానికి గుండు కట్టి వదులుతాడు. అది ఎటు వేలాడితే ఆయనకు అదే కింద. 1851లో గ్రీనిచ్ వేధశాల అధిపతి జార్జ్ ఎయిరీ తన దూరదర్శినితో ఈ గీతను స్థిరపరచినప్పుడు చేసిందీ అదే పని. గుండుకు బదులు పళ్లెంలో పాదరసం వాడాడు, దాని మట్టం గుండుదారానికి సరిగ్గా అడ్డంగా నిలుస్తుంది, అంతే తేడా. 1884లో పాతిక దేశాలు వాషింగ్టన్‌లో కూర్చుని, ఎక్కువ ఓట్లతో ఆ గీతనే సున్నాగా ఎంచుకున్నాయి.

చిక్కు ఏమిటంటే, గుండు సరిగ్గా భూమి కేంద్రం వైపే వేలాడదు. చుట్టూ నేలలో బరువు ఎటు ఎక్కువైతే అటు వెంట్రుకవాసి ఒరుగుతుంది. మేస్త్రీకి దానితో పని లేదు, గోడ నిలబడుతుంది. ఉపగ్రహాలు మాత్రం భూమి కేంద్రం చుట్టూ తిరుగుతాయి, వాటి లెక్క అక్కడినుంచే మొదలవుతుంది. ఆ వెంట్రుకవాసి తేడాయే గ్రీనిచ్‌లో నేల మీద 102 మీటర్లయింది.

మరి ఆ గీతను బట్టి లెక్కించిన ప్రపంచ సమయం కూడా తప్పినట్టేనా? మళ్లీ మేస్త్రీని పిలుద్దాం. ఎయిరీ గీత మీద, ఆయన గుండు ప్రకారం ఆకాశం దాకా ఒక గోడ కట్టించండి. 102 మీటర్ల అవతల, భూమి కేంద్రం గుండా పోయేలా ఇంకో గోడ. రెండు గోడలూ సమాంతరం. నక్షత్రాలున్న దూరానికి 102 మీటర్లు ఏపాటి? ఒకే నక్షత్రం ఒకే క్షణంలో రెండు గోడల మీదికీ వస్తుంది. గడియారం కదలకూడదనుకున్నారు కాబట్టి గీత జరిగింది.

అసలు నాకు బాధ కలిగించేది వేరే. ఈ గీత కోసం బారులు తీరి, తల పైకెత్తని వాళ్లే ఎక్కువ. వేధశాల పాత భవనం ఫ్లామ్‌స్టీడ్ హౌస్ కప్పు మీద ఒక స్తంభం, దానికి ఎర్రటి గోళం ఉంటాయి. 12:55కు గోళం సగం దాకా ఎక్కుతుంది, 12:58కి కొసకు చేరుతుంది, సరిగ్గా ఒంటిగంటకు జారుతుంది. చూడవలసింది కింద పడడం కాదు, కదిలిన ఆ మొదటి క్షణం. 1833 నుంచి థేమ్స్‌లోని ఓడల వాళ్లు దాన్ని చూసే గడియారాలు సరిచేసుకునేవారు. పన్నెండుకే ఎందుకు జార్చరంటారా? అప్పుడు ఖగోళ శాస్త్రజ్ఞులకు సూర్యుణ్ణి కొలిచే పని ఉండేది.

గ్రీనిచ్ సమయానికీ ఓడ ఉన్నచోటి సమయానికీ ఉన్న తేడాను బట్టే నావికుడికి రేఖాంశం తెలిసేది; ఒక డిగ్రీ అంటే నాలుగు నిమిషాలు. గడియారం నాలుగు సెకన్లు తప్పితే, భూమధ్యరేఖ దగ్గర ఓడ స్థానం ఒక నాటికల్ మైలు, అంటే దాదాపు 1.85 కిలోమీటర్లు, తప్పుతుంది. మీ ఫోను చూపే 102 మీటర్ల తేడాను ఆ లెక్కన కొలిస్తే సెకనులో మూడో వంతు, అంతే!

సమయం అయిపోతోంది, మిగతావి గబగబా. రేఖాంశం కనిపెట్టే పద్ధతికి 1714లో పార్లమెంటు 20,000 పౌండ్ల వరకు బహుమతి ప్రకటించింది. దానికోసం జాన్ హారిసన్ చేసిన సముద్ర గడియారాలు ఈ కొండ మీదే ఉన్నాయి. మొదటి మూడూ నడుస్తాయి. చేతిలో పట్టేంతది నాలుగోది, అరిగిపోతుందని దాన్ని నడపరు. కొండ దిగితే కట్టీ సార్క్: చైనా తేయాకు కోసం 1869లో కట్టిన తెరచాప ఓడ. అదే ఏడు సూయెజ్ కాలువ తెరిచారు, తేయాకు ఆవిరి ఓడల పాలైంది. పాపం, ఎంత దురదృష్టం! పక్కనే 1902 నాటి సొరంగం ఉంది, నది కిందుగా అవతలి ఒడ్డుకు నడిచి వెనక్కి చూడండి.

గాలి జోరుగా ఉన్న రోజున గోళాన్ని ఎత్తరు. ఆ రోజు మాత్రం గీత దగ్గరే ఫొటో దిగండి, నేనేమీ అనను.