ఆదివారం మిక్సీ వేయకండి: హాంబర్గ్ జీవితంపై ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. విశాఖపట్నం నుంచి ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. జర్మనీలోని హాంబర్గ్‌లో చాలా ఏళ్లు ఉద్యోగం చేసి వచ్చిన మేడం ఈరోజు మనతో ఉన్నారు. అక్కడి అలవాట్లు, చూడదగ్గ చోట్లు, ఏమైనా అడగొచ్చు. వీసా ప్రశ్నలు మాత్రం ఈరోజు వద్దండీ. మొదటి కాలర్ మధురవాడ నుంచి. చెప్పండి.

కాలర్ (మధురవాడ): నమస్తే మేడం. మాస్టర్స్ చేయడానికి అక్టోబర్‌లో హాంబర్గ్ వెళ్తున్నాను. దిగగానే ముందు ఏం చూడాలి?

అతిథి: ముందు లెటర్ బాక్స్ చూసుకో బాబూ. గది దొరకగానే దాని మీద నీ పేరు అంటించు. అక్కడ అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్ నంబర్లు రాయరు, పోస్ట్‌మ్యాన్ పేరు చూసే ఉత్తరం వేస్తాడు. పేరు లేకపోతే వెనక్కి పోతుంది. బ్యాంకు కార్డు, ఇన్సూరెన్స్ కాగితాలు, ఆఫీసుల నోటీసులు అన్నీ పోస్టులోనే వస్తాయి. ఇంట్లో దిగిన రెండు వారాల్లో చిరునామా రిజిస్టర్ చేయించుకోవాలి. అవన్నీ అయ్యాక ఊరు చూడు.

కాలర్: ఊళ్లో ఏది బాగుంటుంది మేడం?

అతిథి: 62వ నంబర్ ఫెర్రీ. లాండుంగ్స్‌బ్రూకెన్ అనే రేవులో ఎక్కాలి. సిటీ బస్సుకి పనికొచ్చే టికెట్టే దానికీ పనికొస్తుంది. ఎల్బే నది మీద, పై డెక్‌లో కూర్చుని పోర్టంతా చూడొచ్చు. టూరిస్టు బోట్లకి డబ్బు పోయక్కర్లేదు.

యాంకర్: థాంక్యూ. ఇప్పుడు గాజువాక నుంచి. చెప్పండమ్మా.

కాలర్ (గాజువాక): నమస్కారం అమ్మా. మా అబ్బాయి అక్కడే ఉన్నాడు, హాంబర్గ్‌లోనే. చిన్నప్పటి నుంచీ వాడికి పప్పు లేకపోతే ముద్ద దిగదు. కుక్కర్ నేనే ఇచ్చి పంపాను, మిక్సీ కూడా. ఎయిర్‌పోర్టులో బరువెక్కువైందంటే వాడి స్వెట్టర్లు రెండు తీసేసి మరీ మిక్సీ ఉంచాం. వాడితోపాటు కంచరపాలెం అబ్బాయి ఒకడుంటాడు, వాళ్ల నాన్నగారు మాకు బాగా...

యాంకర్: అమ్మా, ప్రశ్న ఏమిటో చెప్పండి.

కాలర్: అదేనండీ, చెప్తున్నాను. కిందింట్లో ఉండే పెద్దాయన ఆదివారం పొద్దున్నే వచ్చి తలుపు కొట్టాడట. ఏదో గట్టిగా అన్నాడట. అప్పట్నుంచీ మావాడికి ఒకటే టెన్షన్. మనవాళ్లంటే వాళ్లకి గిట్టదా అమ్మా?

అతిథి: ఆ టైమ్‌లో మీ అబ్బాయి ఏం చేస్తున్నాడమ్మా?

కాలర్: ఏముంది, ఇడ్లీపిండి రుబ్బుకుంటున్నాడు.

అతిథి: మిక్సీలో. అందుకే వచ్చి ఉంటాడు. అక్కడ ఆదివారం రోజంతా ఇళ్లలో శబ్దం చేయకూడదు. మిగతా రోజుల్లో రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా అంతే. వాక్యూమ్ క్లీనర్ వేయరు, గోడకి డ్రిల్లింగ్ చేయరు, ఖాళీ గాజు సీసాలు వీధి డబ్బాలో పడేయడానికి కూడా సోమవారం దాకా ఆగుతారు. ఆదివారం విశ్రాంతి రోజని వాళ్ల రాజ్యాంగంలోనే ఉంది. రైల్వేస్టేషన్లలో కొన్ని తప్ప షాపులన్నీ మూసేస్తారు. జర్మన్ కుర్రాడు డ్రిల్లింగ్ మొదలుపెట్టినా ఆ పెద్దాయన ఇలాగే వచ్చి తలుపు కొట్టేవాడు.

కాలర్: అయితే గిట్టకపోవడం కాదంటారా?

అతిథి: ఆదివారం మిక్సీ వేసినందుకు వచ్చాడంటున్నానమ్మా. అక్కడ మనసులో ఉన్నది ముఖం మీదే చెప్పేస్తారు. చెప్పాక చాలామంది అక్కడితో వదిలేస్తారు. మీ అబ్బాయిని మెట్ల మీద కనబడినప్పుడల్లా పలకరించమనండి. పిండి శనివారం రుబ్బుకోమనండి.

కాలర్: మరి పోపు పెడితే పైన ఏదో కుయ్యిమంటోందట.

అతిథి: పొగ అలారం. ఇళ్లలో అది తప్పనిసరి. బ్యాటరీ మాత్రం తీసేయొద్దని చెప్పండి, నిజంగా నిప్పంటుకుంటే ప్రాణం నిలబెట్టేది అదే. పోపు పెట్టేముందు వంటింటి తలుపు వేసుకుని కిటికీ బార్లా తెరవమనండి. చలికాలంలో కూడా వాళ్లు రోజుకి రెండుమూడుసార్లు కిటికీలన్నీ ఐదు పది నిమిషాలు తెరుస్తారు. తెరవకపోతే తేమకి గోడలు బూజు పడతాయి, ఇంటి ఓనరు డబ్బు అడుగుతాడు. ఔను, మీవాడు లెటర్ బాక్స్ రోజూ చూస్తున్నాడా?

కాలర్: ఏమో అమ్మా, అడగలేదు.

అతిథి: అడగండి. రేడియో, టీవీ రుసుమని ఇంటికి నెలకి 18.36 యూరోలు కట్టాలి. టీవీ లేకపోయినా కట్టాల్సిందే. ఆ ఉత్తరం చూడకుండా పడేస్తే బాకీ పెరిగిపోతుంది. పిల్లలు ఫోన్ చూస్తారు, పెట్టె చూడరు. నాకు బాధేసేది అక్కడే.

కాలర్: సరేనమ్మా. కుక్కర్ విజిల్‌కి కూడా వస్తాడా ఆయన?

అతిథి: పగలు వేసుకోవచ్చు. రాత్రి 10 దాటాక వద్దు. ఇందాకే చెప్పాను కదమ్మా.

కాలర్: ఆదివారం వస్తే వాడు గదిలోంచి కదలడు. ఒక్కడే కూర్చుంటాడు. అది ఉంది నాకు మనసులో.

అతిథి: అదీ అసలు సంగతి. వినండమ్మా, నేను చెప్పింది వాడికి చెప్పండి. ఆదివారం తెల్లవారకుండానే లేచి ఆల్టోనా చేపల బజారుకి వెళ్లమనండి. 1703 నుంచి జరుగుతోంది. వేసవిలో 5 గంటలకి, చలికాలంలో 7కి మొదలై తొమ్మిదిన్నరకి అయిపోతుంది. ఊరంతా నిశ్శబ్దంగా ఉంటే అక్కడ మాత్రం మన ఫిషింగ్ హార్బర్ వేలంపాటలా అరుపులే. సంచిలో ఇంకో చేప వేస్తూ, ఇంకోటి వేస్తూ, అదే ధరకి అని పిలుస్తారు. పళ్ల బుట్టలు కూడా అలాగే అమ్ముతారు. పక్కనున్న పాత వేలంశాలలో బ్యాండు వాయిస్తుంటే ముసలివాళ్లు కూడా డాన్స్ చేస్తారు. అక్కడ నిలబడితే పరాయి ఊరనిపించదు. కొత్తవాళ్లతో మాట కలవడానికి హాంబర్గ్‌లో అంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

కాలర్: గుడి ఏమైనా ఉందా అమ్మా?

అతిథి: హామ్ అనే ఊళ్లో కామాక్షి అమ్మవారి గుడి ఉంది. శ్రీలంక తమిళులు 2002లో కట్టుకున్నారు, పెద్ద గోపురంతో. వేసవిలో రథోత్సవం చేస్తారు. హాంబర్గ్ నుంచి రైలుంది. స్నేహితుణ్ణి కూడా తీసుకెళ్లమనండి.

కాలర్: చల్లగా ఉండమ్మా. మరి స్వెట్టర్లు...

యాంకర్: థాంక్యూ అమ్మా, లైన్లో చాలామంది ఉన్నారు. అనకాపల్లి. హలో? హలో? లైన్ కట్ అయింది. భీమిలి నుంచి చెప్పండి.

కాలర్ (భీమిలి): మేడం, మా టీమ్‌లో జర్మన్ మేనేజర్ పుట్టినరోజు సోమవారం. శుక్రవారమే విష్ చేయొచ్చా?

అతిథి: వద్దు తల్లీ. ముందుగా చెప్తే అరిష్టమని నమ్ముతారు. సోమవారమే చెప్పు. నువ్వు అక్కడికి వెళ్లాక నీ పుట్టినరోజుకి ఆఫీసుకి కేకు నువ్వే తీసుకెళ్లాలి, అది గుర్తుంచుకో.

యాంకర్: తర్వాత సింధియా నుంచి.

కాలర్ (సింధియా): నమస్కారమమ్మా. షిప్‌యార్డులో వెల్డింగ్ పని చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి రమ్మంటోంది. ఈ వయసులో నేను అక్కడ చూసేది ఏముంటుంది?

అతిథి: బాబాయిగారూ, ఆ ఊరు మీలాంటివాళ్ల కోసమే ఉంది. నది కింద పాత సొరంగం ఒకటుంది, 1911లో తెరిచారు. రేవు కార్మికులు అవతలి ఒడ్డున ఉన్న షిప్‌యార్డులకి నడిచి వెళ్లడానికి కట్టారు. 24 మీటర్ల లోతుకి లిఫ్టులో దిగొచ్చు, మోకాళ్లకి ఇబ్బంది లేదు. 426 మీటర్ల నడక, టికెట్ లేదు. గోడల పలకల మీద చేపలు, పాత బూట్లు, ఎలుకలు, నది అడుగున ఉండేవన్నీ బొమ్మలుగా ఉంటాయి. అవతల ఒడ్డున నిలబడి ఊరు చూడండి.

కాలర్: ఓడలు దగ్గరగా కనబడతాయా?

అతిథి: దానికి వేడెల్ వెళ్లాలి. ఎస్1 రైల్లో చివరిదాకా. అక్కడ నది ఒడ్డున 1952 నుంచి ఓడలకి స్వాగతం చెప్పే చోటు ఉంది. పెద్ద ఓడ పోర్టుకి వస్తుంటే జెండా దించి వందనం చేసి, ఆ ఓడ ఏ దేశానిదో ఆ జాతీయగీతం మైకులో వేస్తారు. మన జెండా ఉంటే జనగణమన. ఓడ ఎక్కడ కట్టారో, ఎంత పొడవో చెప్తారు కూడా. టీ తాగుతూ సాయంత్రం దాకా కూర్చోవచ్చు. ఓడ కట్టిన చేతులవి మీవి, తప్పకుండా వెళ్లండి.

కాలర్: వెళ్తానమ్మా. ఆ ఊరి పేరు ఇంకోసారి చెప్పండి, రాసుకుంటాను.

అతిథి: వే-డె-ల్.

యాంకర్: చివరి కాలర్, ఎంవీపీ కాలనీ. తొందరగా అడగండి.

కాలర్ (ఎంవీపీ కాలనీ): ఒక్క కారు లేకపోయినా రెడ్ లైట్ దగ్గర నడిచేవాళ్లు కూడా ఆగుతారట, నిజమేనా?

అతిథి: నిజం. ముఖ్యంగా పిల్లలు పక్కనుంటే అస్సలు దాటకండి, పెద్దవాళ్లు గట్టిగానే మందలిస్తారు. జరిమానా 5 యూరోలే. కానీ టికెట్ లేకుండా రైలెక్కితే 60. స్టేషన్లలో గేట్లు ఉండవు కదా అని...

యాంకర్: టైమ్ అయిపోయింది మేడం. చాలా థాంక్స్. కాల్ చేసిన అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడు వార్తలు.