మీ టెర్మినల్‌ని ఎవరూ ఏమీ అడగలేదు!

నమస్తే. ఇవాళ ఇంట్రో లేదు, మ్యూజిక్ లేదు. డైరెక్టుగా స్క్రీన్ చూడండి.

ఇదిగో టెర్మినల్, కమాండ్లు కొట్టే నల్ల విండో. ఎన్ని రంగులు వస్తాయో చెప్పే కమాండ్, 'టీపుట్ కలర్స్' అని కొడుతున్నాను. 256 వచ్చింది. సరే. ఇప్పుడు టెర్మినల్ పేరు ఉండే టర్మ్ అనే వేరియబుల్‌లో వీటీ100 అని ఒక పాత టెర్మినల్ పేరు పెట్టి మళ్లీ కొడతాను. మైనస్ 1! అంటే రంగులే లేవట. ఎక్స్‌టర్మ్ అని ఇంకో టెర్మినల్ ప్రోగ్రాం పేరు పెడతాను. 8. ఎక్స్‌టర్మ్-256కలర్ అని పెడతాను. మళ్లీ 256. నేను విండో మార్చానా? లేదు. మానిటర్ మార్చానా? లేదు. మార్చింది ఒక్క పేరు.

పోయిన వీడియోలో నేను అన్నది ఇదే. టెర్మినల్ మీద రంగులు, డబ్బాలు గీసిపెట్టే లైబ్రరీ ఎన్‌కర్సెస్. అందులో రంగులు ఉన్నాయా అని చెప్పే 'హ్యాజ్ కలర్స్' అనే ఫంక్షన్ మీ టెర్మినల్‌ని అడగదు, టెర్మినళ్ల వివరాలు రాసిపెట్టిన పుస్తకం తీసి చదువుతుంది. అంతే, గొడవ మొదలైంది. "లైబ్రరీ తప్పేం లేదు, టర్మ్ సరిగ్గా పెట్టుకోవడం నీకు రాదు" అని ఒక బ్యాచ్. "అసలు ఈ రోజుల్లో టర్మినల్‌లో ప్రోగ్రాం ఎవడు రాస్తాడు" అని ఇంకో బ్యాచ్. రెండో బ్యాచ్‌కి నా దగ్గర జవాబు లేదు, వాళ్లు హాయిగా ఉన్నారు. మొదటి బ్యాచ్ మాత్రం కూర్చోండి.

మా గుంటూరు మిర్చి యార్డుకి రండి ఒకసారి. టిక్కీ మీద, అంటే మిర్చి బస్తా మీద, తేజ రకం అని చీటీ ఉందనుకోండి. ఆ చీటీ చూసి ధర కట్టే వ్యాపారి ఎవడైనా ఉన్నాడా? టిక్కీకి కోత పెడతాడు, గుప్పెడు కాయలు తీస్తాడు, తుంచి చూస్తాడు, తేమ ఎంతుందో చేత్తో నలిపి చూస్తాడు, తాలు కాయలు ఎన్ని ఉన్నాయో లెక్కేస్తాడు. ఆ తర్వాతే రేటు మాట. ఎన్‌కర్సెస్ ఏం చేస్తుందయ్యా అంటే, చీటీ మీద పేరు చదువుతుంది, టర్మ్‌ఇన్‌ఫో అనే పుస్తకంలో ఆ పేరు వెతుకుతుంది, అక్కడ రంగులు 8 అని ఉంటే 8 అని చెప్తుంది. టిక్కీ ముట్టుకోదు!

మరి పేరు అబద్ధమైతే? అదే కదా నా బాధ. ఈ రోజు మార్కెట్‌లో ఉన్న టెర్మినల్ ప్రోగ్రాముల్లో చాలావరకు "నేను ఎక్స్‌టర్మ్‌ని" అనే చెప్పుకుంటాయి. లైనక్స్‌లో కేడీఈ డెస్క్‌టాప్ వాళ్ల టెర్మినల్ కాన్సోల్‌కి పుస్తకంలో సొంత ఎంట్రీ ఉంది, గ్నోమ్ డెస్క్‌టాప్ వాడే వీటీఈకి ఉంది, ఇంకా ఎన్నిటికో ఉన్నాయి. అయినా సొంత పేరు ఎక్కువమంది వాడరు. ఎందుకు?

నా థియరీ వినండి. ఇది బద్ధకం కాదు, భయం. నిజం చెప్పినవాడికి ఇక్కడ శిక్ష పడుతుంది. మీ టెర్మినల్ నిజాయితీగా తన సొంత పేరు చెప్పిందనుకోండి. మీరు ఎస్‌ఎస్‌హెచ్‌లో, అంటే నెట్‌వర్క్ మీదుగా, ఏదో పాత సర్వర్‌లోకి వెళ్తారు. అక్కడి పుస్తకం పాతది, అందులో ఈ పేరు లేదు. ఎన్‌కర్సెస్‌ని మొదలుపెట్టే ఫంక్షన్ 'ఇనిట్ స్క్రీన్' ఏం చేస్తుంది? "ఎర్రర్ ఓపెనింగ్ టెర్మినల్" అని ఒక్క ముక్క చెప్పి మీ ప్రోగ్రాంని అక్కడికక్కడే ముగించేస్తుంది. మీకు ఒక్క మాట చెప్పుకునే ఛాన్స్ కూడా ఇవ్వదు. ఛాన్స్ కావాలంటే 'న్యూటర్మ్' వాడాలి, అది నల్, అంటే ఖాళీ జవాబు ఇస్తుంది, మీరు చూసుకోవచ్చు. కానీ ట్యుటోరియల్స్ దాదాపు అన్నీ ఇనిట్ స్క్రీన్‌తోనే మొదలుపెడతాయి. అందుకే అందరూ ఎక్స్‌టర్మ్ అని చీటీ కట్టుకుని తిరుగుతున్నారు. ఇంకో తమాషా ఏంటంటే, అసలు ఎక్స్‌టర్మ్‌నీ, ఎన్‌కర్సెస్‌నీ, ఆ పుస్తకాన్నీ ఏళ్లుగా చూసుకుంటున్నది ఒకే మనిషి, థామస్ డిక్కీ. ఊళ్లో అందరూ తన ఇంటిపేరే పెట్టుకుంటే ఆయనకెలా ఉంటుందో!

ఆ పుస్తకం పుట్టినప్పుడు అది కరెక్టే, ఒప్పుకుంటాను. 1978 ప్రాంతంలో బిల్ జాయ్ దీని పాత రూపం టర్మ్‌క్యాప్ చేశాడు, 80ల మొదట్లో మార్క్ హార్టన్ టర్మ్‌ఇన్‌ఫో చేశాడు. అప్పుడు టెర్మినల్ అంటే టేబుల్ మీద బరువైన పెట్టె. ఒక్కో కంపెనీది ఒక్కో భాష. కొన్నాక ఏళ్ల తరబడి అదే పెట్టె. పుస్తకంలో రాసిపెట్టుకుంటే సరిపోయేది. ఇప్పుడు టెర్మినల్ అంటే అప్‌డేట్ అయ్యే సాఫ్ట్‌వేర్. నిన్న లేని ఫీచర్ ఇవాళ ఉంటుంది. పుస్తకానికి ఎలా తెలుస్తుంది?

నాకు తగిలిన దెబ్బ చెప్తాను. యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టుకి కాటా తూకాలు ఎక్కించే చిన్న ప్రోగ్రాం రాశాను. పాత విండోస్ పీసీ, అందులో ఒక చిన్న ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్, వెనక గదిలో లైనక్స్ పెట్టె. నా ల్యాప్‌టాప్‌లో చక్కగా గీతలతో డబ్బాలు వచ్చాయి. అక్కడ పెట్టి ఇంటికొచ్చాను. తెల్లారి గుమస్తా గారు ఫోన్. "బాబూ, ఈ ఎల్ క్యూ క్యూ క్యూ కే అనేది ఏ పార్టీ? ప్రతి పేజీలో ఉంది, వీళ్ల సరుకు ఎక్కడ దిగింది?" అని.

వెళ్లి చూస్తే డబ్బా పైగీత ఎల్‌క్యూక్యూక్యూకే, పక్కగీతలు ఎక్స్, కిందిగీత ఎమ్‌క్యూక్యూక్యూజే. జరిగింది ఏంటంటే, పాత వీటీ100 పద్ధతిలో గీతలు గీయాలంటే ముందు "అక్షరాలు మార్చు" అని ఒక సిగ్నల్ పంపి, తర్వాత ఎల్, క్యూ, కే పంపుతారు. ఆ క్లయింట్ యూటీఎఫ్-8లో, అంటే యూనికోడ్ పద్ధతిలో, ఉన్నప్పుడు ఆ సిగ్నల్‌ని పట్టించుకోదు, అక్షరాలు అక్షరాల్లాగే పడతాయి. పుస్తకంలో ఆ క్లయింట్ సొంత ఎంట్రీలో 'యూ8' అని ఒక గుర్తు ఉంది, "ఇక్కడ యూనికోడ్ గీతలే వాడు" అని. కానీ అది ఎక్స్‌టర్మ్ చీటీ కట్టుకుని వచ్చింది కదా! సొంత పేరు పెట్టగానే గీతలు వచ్చేశాయి. ఒక్క లైను. దానికి నేను పోగొట్టుకున్నది ఒక పూట.

ఇంకోటి, ఆగండి, ఇది కూడా కక్కేస్తాను. పుస్తకాన్ని మీరే అడగడానికి మూడు ఫంక్షన్లున్నాయి. 'టీఐగెట్‌ఫ్లాగ్': అలాంటి ఫ్లాగే లేకపోతే మైనస్ 1, ఉండీ ఈ టెర్మినల్‌కి వర్తించకపోతే 0. 'టీఐగెట్‌నమ్': మొదటిదానికి మైనస్ 2, రెండోదానికి మైనస్ 1. 'టీఐగెట్‌స్ట్రింగ్': మొదటిదానికి పాయింటర్‌లో మైనస్ 1, రెండోదానికి నల్. ఒకే ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు, ముగ్గురిదీ వేరే లెక్క! మీరు నల్ ఒక్కటే చెక్ చేసి, పేరులో ఒక అక్షరం తప్పు కొట్టారనుకోండి, ఆ మైనస్ 1ని అడ్రస్ అనుకుని ప్రింట్ చేస్తారు. ఖతం. సెగ్మెంటేషన్ ఫాల్ట్.

"మరి నేరుగా టెర్మినల్‌నే అడిగితే పోలా?" అడగొచ్చు. ఎస్కేప్, బ్రాకెట్, సీ పంపితే టెర్మినల్ తన గురించి చెప్తుంది. 1978 నాటి వీటీ100 కూడా చెప్పేది. విమ్ ఎడిటర్ ఎన్నో ఏళ్లుగా ఎక్స్‌టర్మ్ వెర్షన్ అడిగి మరీ తెలుసుకుంటోంది. దీంట్లోనూ తంటా ఉంది. జవాబు కీబోర్డు దారిలోనే వస్తుంది, మనిషి కొట్టిన అక్షరాలతో కలిసి. కొన్ని టెర్మినళ్లు కొన్ని ప్రశ్నలకు అసలు పలకవు, ఎంతసేపు ఎదురుచూస్తాం? దానికో కిటుకు ఉంది. మీకు కావాల్సిన ప్రశ్న ముందు పంపండి, దాని వెనకే ఈ ఎస్కేప్ బ్రాకెట్ సీ పంపండి. రెండోదానికి దాదాపు అందరూ పలుకుతారు. రెండో జవాబే ముందొస్తే, మొదటి ప్రశ్న వాడికి అర్థం కాలేదన్నమాట. అప్పుడు పుస్తకం తీయండి. టైమవుట్ ఒకటి పెట్టుకోండి, లేకపోతే చూడండి, నేను ఇప్పుడే ప్రోగ్రాంని మధ్యలో ఆపుతున్నాను... వచ్చిందా? ప్రాంప్ట్ మీద "1;2సీ". నేను కొట్టలేదు, చేతులు ఇక్కడున్నాయి. లేటుగా వచ్చిన జవాబు అది.

గుమస్తా గారి దగ్గర ఇప్పుడు గీతలు చక్కగా వస్తున్నాయి. అయినా ఆయన ఆ ప్రోగ్రాంని ఇప్పటికీ "క్యూ క్యూ పార్టీ" అనే పిలుస్తారు.