సీనా బ సీనా: ఇరాన్ సంగీతం తరం నుంచి తరానికి

అందరికీ నమస్కారం.

నేను వీణ నేర్చుకున్నదాన్ని. పన్నెండేళ్ల కిందట ఒక రాత్రి మొదటిసారి సెతార్ విన్నాను. అప్పటినుంచి ఇరాన్ సంగీతం వినని వారం లేదు. అందుకే ఈ సాయంత్రం మీ ముందు నిలబడే ధైర్యం చేశాను.

మన సితార్‌కి పేరు వచ్చింది ఈ సెతార్ నుంచే. పారశీకంలో 'సె' అంటే మూడు, 'తార్' అంటే తీగ. పేరులో మూడే ఉన్నా, ఇప్పటి వాద్యానికి నాలుగు తీగలుంటాయి. చిన్న బొప్పాయిని నిలువుగా కోసినట్టుండే కుండ, సన్నటి పొడుగాటి మెడ. మీటడానికి కుడిచేతి చూపుడువేలి గోరు తప్ప ఇంకేమీ అక్కర్లేదు. వీణ మెట్లను మైనంలో పాతేస్తాం, అవి కదలవు. సెతార్‌కి మెట్లంటే మెడ చుట్టూ కట్టిన పేగు దారాలే. కావాలంటే పైకీ కిందికీ జరుపుకోవచ్చు. ఆ సంగీతంలో కొన్ని స్వరాలు మనం హార్మోనియం మీద నొక్కే రెండు మెట్ల నడుమ ఎక్కడో ఉంటాయి. ఆ స్వరాల కోసమే ఈ ముడుల ఏర్పాటు. ఇక శబ్దం ఎంత మెల్లగా ఉంటుందంటే, పక్కగదిలో ఎవరైనా వాయిస్తున్నా మనకు తెలియకపోవచ్చు.

అక్కడి మాటలు కొన్ని మన ఇళ్లలోనూ ఉన్నాయి. దస్తావేజు, దస్తూరి అంటాం కదా, అందులోని 'దస్త్' అంటే చెయ్యి. 'గాహ్' అంటే చోటు, మన దర్గాలో ఉన్నది అదే. రెండూ కలిస్తే దస్త్‌గాహ్. ఇరాన్ సంగీతంలో ఇవి ఏడు: షూర్, మాహూర్, హుమాయూన్, సెగాహ్, చహార్‌గాహ్, నవా, రాస్త్ పంజ్‌గాహ్. వీటి కిందికి వచ్చే మరో ఐదింటిని ఆవాజ్‌లంటారు. రాగంతో పోల్చాలనిపిస్తుంది గానీ దస్త్‌గాహ్ ఒక్క రాగం కాదు. ఒక పెద్ద ఇల్లు అనుకోండి. లోపల చిన్నచిన్న స్వర సంచారాలు ఒకదాని తర్వాత ఒకటి గదుల్లా తెరుచుకుంటాయి. వాటిని గూషెలంటారు. గూషె అంటే మూల అని అర్థం. ఈ గూషెలన్నిటినీ ఒక క్రమంలో పేర్చిన పాఠమే రదీఫ్. శిష్యుడు ముందు దాన్నంతా కంఠస్థం చేస్తాడు. కచేరీలో మాత్రం దాన్ని ఉన్నదున్నట్టు అప్పజెప్పడు, అందులోంచి తనదైన సంగీతాన్ని అల్లుకుంటాడు. మన మనోధర్మం లాంటిదే.

ఈ రదీఫ్ వేల ఏళ్ల నాటిదని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. స్వరాలు పాతవే, కానీ ఇవాళ అందరూ నేర్చుకునే ఆ వరస 19వ శతాబ్దంలో కుదిరింది. అప్పుడు ఇరాన్‌ను ఏలుతున్న కాజార్ రాజుల ఆస్థానంలో అలీ అక్బర్ ఫరాహానీ ఉండేవాడు, తార్ అనే తీగవాద్యం వాయించే గొప్ప విద్వాంసుడు. ఇద్దరు కొడుకులు, మీర్జా అబ్దుల్లా, మీర్జా హుసేన్ ఖులీ, ఇంకా చిన్నవాళ్లుగా ఉండగానే పోయాడు. విద్య ఆయన అన్నదమ్ముల కొడుకు గులాం హుసేన్ దగ్గర మిగిలింది. ఆ పిల్లలిద్దరికీ నేర్పడానికి ఆయన మొదట ఇష్టపడలేదని, వాళ్ల తల్లి పట్టుబట్టాకే నేర్పాడని చెబుతారు. ఆ ఇంట్లో పెరిగిన మీర్జా అబ్దుల్లా పెద్దయ్యాక, అడిగిన వాళ్లకల్లా నేర్పాడు. దాదాపు 250 గూషెలను పాఠంగా వరసపెట్టాడు. మనం సంప్రదాయం అనే మాట వాడుతున్నది ఒక మాస్టారు తన శిష్యుల కోసం చేసిన కొత్త పనికి. 2009లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది ఈ రదీఫ్ సంప్రదాయాన్నే.

మీర్జా అబ్దుల్లా కొడుకు అహ్మద్ ఇబాదీ కథ నాకు మరీ ఇష్టం. తండ్రి పోయేనాటికి చిన్నపిల్లవాడు. సెతార్ నేర్పింది అక్కలు. రేడియో రోజుల్లో దేశమంతా విన్న సెతార్ ఆయనదే. గదిలో నలుగురికి వినిపించే వాద్యం మైక్ ముందుకు వచ్చాక దాన్నెలా మీటాలో ఆయన కొత్తగా కనిపెట్టుకున్నాడు. ఒక్కో తీగనే విడిగా పలికిస్తూ, స్వరానికీ స్వరానికీ మధ్య నిశ్శబ్దం వదిలేవాడు. ఆ అక్కల పేర్లు మాత్రం కచేరీ కరపత్రాల మీద కనిపించవు.

ఆడవాళ్ల మాట వచ్చింది కనుక చెప్తాను. 1924లో టెహ్రాన్ గ్రాండ్ హోటల్లో ఖమర్ ఉల్ ములూక్ వజీరీ అనే అమ్మాయి ముసుగు లేకుండా, మగవాళ్లూ కూర్చున్న సభలో పాడింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు కూడా ఉన్నాయో లేదో. మతసభల్లో పాడే అమ్మమ్మ వెంట తిరిగి గొంతు దిద్దుకున్న పిల్ల. గురువు ముర్తజా నేదావూద్, ఇరాన్ యూదుడు. 'తెల్లవారుజాము పిట్ట' అనే అర్థంతో 'ముర్గ్ ఎ సహర్' పాటకు బాణీ కట్టింది ఈయనే. పంజరం విరగ్గొట్టుకుని పాడమని ఆ పాట పిట్టను అడుగుతుంది.

స్వరలిపి గురించి క్లుప్తంగా. ఐరోపాలో చదువుకుని వచ్చిన అలీ నఖీ వజీరీ 1920లలో బడి పెట్టి, ఆ నడిమి స్వరాలకు కూడా గుర్తులు తయారుచేశాడు. మంచి పనే. కానీ కాగితం మీద గమకం పడదు. మా గురువుగారు కూడా పాఠం మొదలుపెట్టే ముందు పుస్తకం మూసేయమనేవారు. ఇరాన్‌లో ఆ మాట అన్న మనిషి నూర్ అలీ బొరూమంద్. జర్మనీకి వైద్యం చదవడానికి వెళ్లి, చూపు పోగొట్టుకుని తిరిగొచ్చాడు. మీర్జా అబ్దుల్లా శిష్యుడి దగ్గర ఏళ్ల తరబడి కూర్చుని రదీఫ్ మొత్తం నేర్చుకున్నాడు. టెహ్రాన్ యూనివర్సిటీలో ఆయన క్లాసులో కాగితం ఉండదు. ఆయన వాయిస్తాడు, శిష్యులు తిరిగి వాయిస్తారు, తప్పితే మళ్లీ. దీన్నే వాళ్లు 'సీనా బ సీనా' అంటారు, గుండె నుంచి గుండెకు అని.

ఆయన దగ్గర అలా నూరిపోయించుకున్న కుర్రాళ్లే తర్వాత అన్నిటికంటే కొత్తగా వాయించారు. ముహమ్మద్ రజా లుత్ఫీ, హుసేన్ అలీజాదె ఆ క్లాసులోని వాళ్లే. 1978 సెప్టెంబర్ 8న టెహ్రాన్‌లో సైన్యం జనం మీద కాల్పులు జరిపాక, వీళ్లూ తోటి కళాకారులూ రేడియో ఉద్యోగాలకు రాజీనామా చేసి, చావుష్ పేరుతో సొంతంగా క్యాసెట్లు తెచ్చారు. 1979 ఇస్లామిక్ విప్లవం తర్వాత సంగీతానికే గడ్డురోజులు వచ్చాయి. వాద్యం పట్టుకుని వీధిలో నడవాలంటే టెన్షన్. ఇప్పటికీ ప్రభుత్వ టీవీలో పాట వస్తుంటే వాద్యాన్ని చూపించరు, పువ్వులూ జలపాతాలూ చూపిస్తారు. అలాంటి రోజుల్లో ఎంతోమంది యువకులు సెతార్ నేర్చుకున్నారు. చప్పుడు గోడ దాటని వాద్యం కావడం కూడా ఒక కారణమేమో అని నాకు అనిపిస్తుంది.

1983లో, ఇరాక్‌తో యుద్ధం సాగుతుండగా, అలీజాదె 'నై నవా' రచించాడు. ఒంటరి పిల్లనగ్రోవి చుట్టూ పాశ్చాత్య తీగవాద్యాల బృందం. స్వరాలు మాత్రం నవా దస్త్‌గాహ్‌వి. రెండేళ్లకు ముహమ్మద్ రజా షజరియాన్ గొంతుతో, పర్వీజ్ మిష్కాతియాన్ సంగీతంతో 'బీదాద్' వచ్చింది. హుమాయూన్ దస్త్‌గాహ్‌లో బీదాద్ అనే గూషె ఉంది. బీదాద్ అంటే అన్యాయం అని కూడా. పాడింది 14వ శతాబ్దపు హాఫిజ్ గజల్. స్నేహితులు ఏమైపోయారు, స్నేహం ఎప్పుడు ముగిసింది అని అడుగుతుంది. ఒక్క కొత్త మాట కలపలేదు. పాత గూషె, పాత కవిత్వం. అయినా విన్న ప్రతివాడికీ అది ఎప్పటి సంగతో తెలిసిపోయింది.

షజరియాన్ ఖురాన్ పఠించే తండ్రి దగ్గర మష్హద్‌లో పెరిగారు. రంజాన్‌లో ఉపవాసం విడిచే వేళ ఆయన 'రబ్బనా' ప్రార్థన రేడియోలో దశాబ్దాల పాటు మోగింది. 2009 ఎన్నికల తర్వాత వీధికెక్కిన నిరసనకారుల పక్షాన నిలబడ్డాక అది ఆగిపోయింది. 2020 అక్టోబర్‌లో ఆయన పోయినప్పుడు ఆసుపత్రి బయట చేరిన జనం పాడుకున్నది నేదావూద్ కట్టిన ఆ 'ముర్గ్ ఎ సహర్'నే. కచేరీ చివర ఆయన పాడే పాట అది. తండ్రి పక్కన తుంబక్ అనే చేతి డోలు వాయిస్తూ పెరిగిన కొడుకు హుమాయూన్ ఇవాళ ఆ గొంతుతోనే, కొత్త వాద్యబృందాలతో పాడుతున్నాడు. కమానుతో వాయించే తీగవాద్యం కమాంచెలో విద్వాంసుడు కైహాన్ కల్హోర్ మన షుజాత్ ఖాన్ సితార్‌తో కలిసి 'గజల్' బృందం కట్టారు.

ఖమర్ పాడిన వందేళ్లకు, 2024 డిసెంబర్‌లో, పరస్తూ అహ్మదీ అనే గాయని ఒక పాత సత్రం ఆవరణలో జుట్టు కప్పుకోకుండా కచేరీ చేసి యూట్యూబ్‌లో పెట్టింది. ముందు ఒక్క శ్రోత లేడు. మగవాళ్ల ముందు ఆడది ఒంటరిగా పాడటం అక్కడ నిషేధం. ఆమెను అదుపులోకి తీసుకుని, తర్వాత వదిలారు. ఆ వీడియోను లక్షలమంది చూశారు.

ఇక నా మాటలు చాలు. ఇప్పుడు అహ్మద్ ఇబాదీ సెతార్ వినిపిస్తాను, ఐదు నిమిషాలు. ఆయనకు నేర్పిన అక్కలను ఒక్కసారి తలుచుకోండి. వెనక కూర్చున్న వాళ్లు కాస్త ముందుకు జరగండి. తమ్ముడూ, ఆ ఫ్యాన్లు ఆపేయవా.