రింగ్ లైట్ ఆపేసి చెబుతున్నా: ఆరు కెమికల్ పీల్స్ తర్వాత నా ముఖం

హాయ్ అండి, నమస్తే. ముందు ఒక పని చేయాలి, ఒక్క క్షణం ఆగండి. ఆ, రింగ్ లైట్ ఆపేశాను. ఇప్పుడు నా ఎడమ పక్కన కిటికీ ఒక్కటే ఉంది, పొద్దున తొమ్మిదిన్నర వెలుతురు పక్క నుంచి పడుతోంది. ఇప్పుడు నా చెంప చూడండి. ఇందాక కనిపించనివి కనిపిస్తున్నాయి కదా? అవి మొటిమలు కాదు, మచ్చలు కూడా కాదు, గుంటలు. ఎదురుగా లైట్ పెడితే మాయమైపోతాయి. మీరు ఫోన్‌లో చూసే బిఫోర్, ఆఫ్టర్ ఫోటోల్లో సగం మహిమ ఈ లైట్‌దే. అందుకే ఈ వీడియో మొత్తం ఇలాగే తీస్తున్నాను.

నవంబర్ మొదటి వారం నుంచి జనవరి నెలాఖరు లోపు మొటిమలకీ, వాటి మచ్చలకీ ఆరు సాలిసిలిక్ యాసిడ్ పీల్స్ చేయించుకున్నాను. తర్వాత గుంటల కోసం ఇంకో రకం పని రెండు సార్లు. అన్నీ విజయవాడలోనే, చర్మ డాక్టర్ దగ్గరే. క్లినిక్ పేరు చెప్పను, కామెంట్లలో అడగొద్దు. డబ్బులు నావే, ఎవరూ ఫ్రీగా చేయలేదు.

నేను డాక్టర్ దగ్గరికి వెళ్లి నేరుగా "పీల్ చేయండి మేడమ్" అన్నాను. ఆవిడ నా ముఖం కంటే ముందు నా బ్యాగులో ఉన్న ట్యూబులు అడిగారు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న క్రీమ్ ఒకటి ఉంది, రెండు నెలలుగా రాస్తున్నాను. రాసిన వారంలోనే ముఖం తెల్లగా, నున్నగా అయిపోయింది, అబ్బ భలే ఉందనుకున్నాను. అందులో స్టెరాయిడ్ ఉందట. స్టెరాయిడ్ రాస్తే చర్మం పలచబడుతుంది, మానేయగానే ఎర్రగా మండుతుంది, కొత్త మొటిమలు కూడా వస్తాయి. ఇలాంటి 14 రకాల స్టెరాయిడ్ క్రీములు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్ర ప్రభుత్వం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా నాకు చీటీ అడక్కుండానే ఇచ్చారు, నేనూ అడక్కుండానే రాసుకున్నాను. పలచబడిన చర్మం మీద యాసిడ్ పెట్టనని డాక్టర్ గారు ఖరాఖండిగా చెప్పేశారు. అలా మొదటి పీల్ రెండు నెలలు వెనక్కి జరిగింది. ఆ టైమ్‌లో పీకల్దాకా కోపం వచ్చింది, ఇప్పుడు ఆవిడకి దండం పెట్టాలనిపిస్తోంది.

ఆ రెండు నెలలూ ఖాళీగా ఏమీ లేను. రాత్రి అడాపలీన్ జెల్, పొద్దున బెంజాయిల్ పెరాక్సైడ్, సన్‌స్క్రీన్. అసలు వైద్యం ఇదే, పీల్ దానికి తోడు మాత్రమే అన్నారు. ఇది ఆవిడ ఒక్కరి మాట కాదు. 2024లో అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ మొటిమల వైద్యానికి కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. బెంజాయిల్ పెరాక్సైడ్‌ని, అడాపలీన్ లాంటి రెటినాయిడ్ జెల్స్‌ని అందులో గట్టిగా సిఫారసు చేశారు. పీల్స్ విషయంలో మాత్రం సిఫారసు చేయడానికి తగినంత ఆధారాలు లేవన్నారు. పనిచేయవని కాదు, ఒప్పుకోవడానికి సరిపడా మంచి పరిశోధనలు లేవని. కాబట్టి రెండు వందల రూపాయల జెల్ వాడకుండా నేరుగా వేలు పోసి పీల్‌కి వెళ్లేవాళ్లు ఒకసారి ఆలోచించండి.

సరే, పీల్ అంటే ఏంటి? యాసిడ్‌తో చర్మం పైపొరను కావాలని ఊడేలా చేయడం. అంతే. మా అమ్మకి చెబితే "డబ్బులిచ్చి తోలు ఊడదీయించుకుంటావా, పెరుగు రాసుకుంటే పోయేదానికి" అంది. నిజం చెప్పాలంటే అమ్మ మాటలో కొంచెం శాస్త్రం ఉంది. పెరుగులో పులుపు లాక్టిక్ యాసిడ్‌దే, పీల్స్‌లో అదీ ఒక రకం. గ్లైకోలిక్ యాసిడ్ చెరుకులో ఉంటుంది, మాండెలిక్ చేదు బాదం నుంచి వచ్చింది. కానీ గిన్నెలో పెరుగుకీ, క్లినిక్‌లో సీసాకీ ఉన్న తేడా, గోరువెచ్చని నీళ్లకీ సలసల కాగే నీళ్లకీ ఉన్నంత. నిమ్మకాయ మాత్రం వద్దు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలినట్టు నల్లబడుతుంది.

నాకు సాలిసిలిక్ ఎందుకంటే నాది జిడ్డు చర్మం. ఈ యాసిడ్ నూనెలో కరుగుతుంది, అందుకే నూనెతో మూసుకుపోయిన రంధ్రాల్లోకి దిగి లోపలున్న మూతను కరిగిస్తుంది. గ్లైకోలిక్ నీళ్లలో కరిగే రకం, అణువు చాలా చిన్నది, త్వరగా లోపలికి పోతుంది. దాన్ని సరిగ్గా టైమ్ చూసి సోడా ద్రావణంతోనో నీళ్లతోనో ఆపాలి, ఒక నిమిషం అటూ ఇటూ అయితే కాలుతుంది. మాండెలిక్ అణువు పెద్దది, నింపాదిగా దిగుతుంది కాబట్టి సున్నితమైన చర్మానికీ, మన లాంటి చామనఛాయ వాళ్లకీ నయం. సాలిసిలిక్, మాండెలిక్ కలిపిన పీల్ కూడా మన దగ్గర బాగా వాడతారు.

మొదటి రోజు సంగతి చెబుతాను. ముఖం కడిగి, నూనె పోయేలా స్పిరిట్ లాంటిదానితో తుడిచారు. కళ్ల మూలల్లో, ముక్కు పక్కన, పెదాల మీద వాజ్‌లైన్ రాశారు, ఎందుకంటే అక్కడ యాసిడ్ చేరితే పుండు పడుతుంది. చేతికి చిన్న ఫ్యాన్ ఇచ్చారు. ఇదెందుకబ్బా అనుకున్నాను. బ్రష్ నుదుటి మీద పడిన అర నిమిషానికి తెలిసింది. మిరపకాయలు కోసిన చేత్తో ముఖం రుద్దుకుంటే ఎలా ఉంటుందో అలా. రెండో నిమిషానికి లేచి పారిపోదామనిపించింది. మూడో నిమిషం దాటాక విచిత్రంగా మంట దానంతటదే తగ్గి చర్మం మొద్దుబారింది. అద్దంలో చూస్తే ముఖమంతా తెల్లటి పిండి! భయపడిపోయాను. ద్రావణంలో ఉన్న ఆల్కహాల్ ఆవిరై సాలిసిలిక్ స్ఫటికాలు మిగిలితే వచ్చే తెలుపు అది, చర్మం కాలిపోవడం కాదు. ఆ తెలుపు వచ్చిందంటే మందు పని దాదాపు అయిపోయినట్టే, ఇక మరీ లోపలికి పోదు. నాది 20 శాతంతో మొదలుపెట్టి మూడోసారి నుంచి 30 చేశారు. ఐదు నిమిషాల్లో కడిగేసి, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ రాసి పంపించారు. బస్టాండ్ దాకా చున్నీ కప్పుకుని వెళ్లాను, అదొక్కటే కష్టం.

మర్నాడు ముఖం బిగుసుకుపోయింది, నవ్వితే పగిలేలా ఉంది. మూడో రోజు నోటి చుట్టూ, ముక్కు పక్కన పొట్టు లేచింది. ఐదో రోజుకి శుభ్రం. సినిమాల్లో పాము కుబుసం విడిచినట్టు పెద్ద పెద్ద రేకులుగా ఊడుతుందని ఎదురుచూడకండి, ఈ పీల్‌కి అంత ఊడదు. కొంతమందికి అస్సలు ఊడదు, అయినా పనిచేస్తుంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు. మూడో పీల్ తర్వాత నాలుగో రోజు, ఆఫీస్ కాల్‌లో కూర్చున్నాను, అవతల ఎవరో ఏదో మాట్లాడుతున్నారు, నా వేలు నోటి పక్కన లేచిన పొట్టు మీదకి పోయింది. లాగాను. ఇంకా ఊడడానికి సిద్ధంగా లేని చర్మం కూడా దాంతో వచ్చేసింది. పచ్చి పుండు. వారానికి మానింది కానీ ఇదిగో ఇక్కడ, కనిపిస్తోందా, అణా బిళ్లంత నల్ల మచ్చ పడింది. జనవరి చివరికి గానీ వెలిసిపోలేదు, ఇప్పటికీ అంచు లీలగా ఉంది. మొటిమ వల్ల రాని మచ్చ నా వేలి వల్ల వచ్చింది. మన రంగు చర్మానికి ఏ చిన్న గాయమైనా నలుపు రూపంలో గుర్తు పెట్టుకునే అలవాటు ఉంది, తెల్లవాళ్ల చర్మానికి అంత ఉండదు. అందుకే విదేశీ వీడియోలు చూసి అదే శాతం, అదే టైమ్ మనకీ పెట్టకూడదు. పొట్టు లేస్తే మాయిశ్చరైజర్ రాయండి, చేతులు కట్టేసుకోండి.

ఇక మార్కులు వేస్తాను. మూడు సంగతులకి మూడు వేర్వేరుగా, కలిపి ఒకటే నంబర్ వేస్తే మోసం అవుతుంది.

మొటిమలకి పదికి ఏడు. బ్లాక్‌హెడ్స్, వైట్‌హెడ్స్, చిన్న చిన్న కురుపులు బాగా తగ్గాయి. గడ్డం కింద లోపల గట్టిగా, నొప్పిగా వచ్చే పెద్ద గడ్డలు మాత్రం పీల్‌కి లొంగలేదు, నెలసరి ముందు వారం ఠంచనుగా వస్తూనే ఉన్నాయి. వాటికి మింగే మందు కావాలి. ఏడులో నా జెల్స్ వాటా ఎంత, పీల్ వాటా ఎంత అంటే విడదీసి చెప్పలేను.

మచ్చలకి, అంటే మొటిమ మానాక మిగిలే గోధుమ, నలుపు రంగు గుర్తులకి, ఎనిమిది. నవంబర్ ఫోటో ఇదే కిటికీ దగ్గర తీసిందే, పక్కన పెడుతున్నాను చూడండి. ఈ మరకలు చర్మం పైపొరలో ఉండే రంగు, పైపొర ఊడుతూ ఉంటే అవీ పలచబడతాయి. కొన్ని వాటంతటవే తగ్గేవే, పీల్ వల్ల నాలుగైదు నెలలు కలిసొచ్చింది అనుకోండి.

గుంటలకి ఒకటి. ఆ ఒక్కటీ కూడా చర్మం నున్నబడి కాస్త తక్కువగా కనిపిస్తున్నాయి కాబట్టి. గుంట అంటే లోపలి పొరలో కొలాజెన్, అంటే చర్మాన్ని గట్టిగా పట్టి ఉంచే ప్రోటీన్, కరిగిపోయి ఏర్పడిన పల్లం. పైన సున్నం గీకినంత మాత్రాన గోడలో పడ్డ బొక్క పూడదు కదా. "ఆరు పీల్స్ ప్యాకేజీ, గుంటలు మాయం" అని ఎవరైనా చెబితే, అది సాలిసిలిక్ అయినా గ్లైకోలిక్ అయినా, మీరు లేచి వచ్చేయండి.

గుంటలకి పనికొచ్చే యాసిడ్ పద్ధతి ఒకటుంది, దాని పేరు క్రాస్. ముఖమంతా రాయరు. సూదితో పొడిచినట్టు సన్నగా, లోతుగా ఉండే గుంటలుంటాయి చూడండి, ఐస్‌పిక్ అంటారు, ఒక్కో గుంట అడుగున మాత్రం బాగా గాఢమైన ట్రైక్లోరో అసెటిక్ యాసిడ్, టీసీఏ, పుల్ల మొనతో చుక్క పెడతారు. కొరియా డాక్టర్లు 2002లో 65, 100 శాతం యాసిడ్‌తో ఈ పద్ధతి ప్రచురించారు. చుక్క పెట్టగానే కొన్ని సెకన్లలో ఆ బిందువు తెల్లగా గడ్డకడుతుంది. అక్కడ లోపల గాయమై, మానేటప్పుడు కొత్త కొలాజెన్ వచ్చి అడుగు నుంచి పైకి లేస్తుంది. నాకు ఫిబ్రవరిలో ఒకసారి, మార్చి మధ్యలో ఒకసారి చేశారు, ఎడమ చెంప మీద పదకొండు గుంటలకి. చీమ కుట్టినట్టు నొప్పి, వారం పాటు నల్లటి పక్కులు. ఆ వారం మా పిన్ని గృహప్రవేశం ఉంటే వెళ్లలేదు. ఇప్పటికి వాటిలో నాలుగైదు లోతు తగ్గాయి, వేలితో తడిమితే తెలుస్తోంది. ఒకటి మాత్రం వెడల్పయింది. అలా అవ్వొచ్చని ముందే చెప్పి సంతకం తీసుకున్నారు. వెడల్పుగా అలల్లా ఉండే గుంటలకి ఇది కాదు, చర్మం కింద పట్టుకున్న పోగుల్ని సూదితో తెంపే సబ్‌సిషన్, సన్నని సూదులతో చర్మాన్ని పొడిచే మైక్రోనీడ్లింగ్, లేజర్ లాంటివి కావాలి. నా కుడి చెంప ఆ కోవది, దాని గురించి ఇంకా నిర్ణయించుకోలేదు.

ఇంట్లో చేసుకోవచ్చా అని వందమంది అడుగుతారు. వద్దు. 30 శాతం సాలిసిలిక్, 70 శాతం గ్లైకోలిక్, చివరికి టీసీఏ సీసాలు కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. అమెరికాలో మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2024 జులైలో వీటిమీద హెచ్చరిక ఇచ్చింది, డాక్టర్ పర్యవేక్షణ లేకుండా వాడితే కాలి గాయాలు, మచ్చలు పడే ప్రమాదం ఉందని. ముఖం కడుక్కునే 2 శాతం సాలిసిలిక్ ఫేస్‌వాష్ వేరు, అది వాడుకోండి. పార్లర్లో ఫేషియల్ తోపాటు "పీల్ కూడా పెట్టమంటారా అక్కా" అంటే, సీసా మీద ఏ యాసిడ్, ఎంత శాతం అని అడగండి. చెప్పలేకపోతే ఫేషియల్ చాలనండి.

గర్భవతులు, పాలిచ్చే తల్లులు, పెదాల మీద పదే పదే జ్వరప్పొక్కులు వచ్చేవాళ్లు, మొటిమలకి మింగే ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవాళ్లు ఆ విషయం డాక్టర్‌కి ముందే చెప్పాలి. దాచిపెడితే నష్టం మనకే. రాత్రి రాసే రెటినాయిడ్ జెల్ నన్ను ప్రతి పీల్‌కి కొన్ని రోజుల ముందే ఆపమన్నారు.

ఖర్చు: పీల్ ఒక్కొక్కటి 2,500, ఆరుకి 15,000. క్రాస్ రెండు సార్లకి 6,000. మందులు, సన్‌స్క్రీన్ విడిగా. సన్‌స్క్రీన్ రెండు వేళ్ల నిండా తీసుకుంటే ట్యూబ్ నెల తిరక్కుండానే అయిపోతుంది, ఆ లెక్క ముందే వేసుకోండి. సన్‌స్క్రీన్‌కి డబ్బుల్లేకపోతే పీల్ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

మూడో క్రాస్ ఈ నెలలోనే కావాలి. కానీ ఇది బెజవాడ, ముందుంది మే నెల. ఇప్పుడు పెడితే చుక్క చుక్కకీ నల్ల బొట్టు మిగులుతుందని డాక్టర్ గారు జులైకి వాయిదా వేశారు. అది అయ్యాక మళ్లీ ఇదే కిటికీ దగ్గర, తొమ్మిదిన్నరకే కూర్చుని ఆ పదకొండు గుంటలూ ఒక్కొక్కటే చూపిస్తాను. అప్పటిదాకా ఉంటానండి.