సర్వే కాగితం మళ్లీ ఊరికి వెళ్లాలి

అధ్యాపక మిత్రులకు నమస్కారం.

నేను డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. పిల్లలు ఊళ్లోకి వెళ్లి సర్వే చేసి రికార్డు రాసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. 2020-21లో ఆంధ్రప్రదేశ్ డిగ్రీ సిలబస్ మార్చినప్పుడు మొదటి ఏడాది సెలవుల్లో దీన్ని అందరికీ తప్పనిసరి చేశారు. 180 గంటలు, నాలుగు క్రెడిట్లు. ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) 1969 నుంచీ ఉంది కానీ అది ఇష్టమున్నవాళ్లకే. మరి అందరికీ పెట్టిన దాన్ని మనం ఏం చేశాం? రికార్డు పుస్తకం చేసి కూర్చున్నాం. పోయినేటి రికార్డు తెచ్చి ఊరి పేరు మారిస్తే సరిపోతోంది. అలాంటివాటికి సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఒక ఏడాది మాత్రం పిల్లలతో నేనూ ఊళ్లోకి వెళ్లాను. ఒకామె అరుగు మీద చిక్కుడుకాయలు వలుస్తోంది. మమ్మల్ని చూసి, "పోయినేడూ వచ్చి రాసుకుపోయారుగా, ఏమైంది నాయనా?" అంది. నా దగ్గర సమాధానం లేదు.

మావాడొకడు అప్పుల సంగతి అడిగాడు. యాభై వేలు, మూడు రూపాయల వడ్డీ అంది. వాడు అక్కడే లెక్క కట్టాడు. నెలకు 1,500, ఏడాదికి 18,000, అంటే 36 శాతం. "అమ్మా, బ్యాంకులో అయితే ఇందులో సగం కూడా పడదు" అన్నాడు, ఏదో కనిపెట్టినట్టు. ఆమె నవ్వింది. "తెలుసయ్యా. రాత్రి పదింటికి ఆస్పత్రికి పోవాలంటే బ్యాంకు తలుపు తీస్తుందా?"

ఇంకాస్త అడిగితే అసలు సంగతి వచ్చింది. వాళ్లది కౌలు. 2019 చట్టం ప్రకారం సాగు హక్కు కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి. ఆయన పెట్టడు. కార్డు లేకపోతే పంట రుణం లేదు. చవక వడ్డీ భూమి ఉన్నవాడికి, ఖరీదు వడ్డీ భూమి లేనివాడికి! వడ్డీ రేటు పాఠం నేను ఇరవయ్యేళ్లుగా చెబుతున్నాను. ఈ ముక్క ఒక్కసారీ చెప్పలేదు.

వివరాలు రాసుకోవడం ఒక్కటే చాలదు. దర్శి, కనిగిరి, పొదిలి వైపు పల్లెల్లో (అప్పట్లో అది నెల్లూరు జిల్లా) ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లూ ఎముకలూ పాడయ్యే జబ్బు) ఉందని 1937లోనే వైద్య పత్రికలో అచ్చయింది. అక్కడివాళ్లు ఇప్పటికీ నీళ్ల క్యాన్లు కొంటున్నారు. మన కెమిస్ట్రీ పిల్లలు బోరు నీళ్లు పరీక్షిస్తే ఆ ఫలితం ముందు ఆ బోరు దగ్గరే అతికించాలి, కాలేజీకి ఆ తర్వాత పంపొచ్చు.

నేను అడిగేది ఒక్కటే. ఆ 180 గంటల్లో ఇరవై గంటలు మళ్లీ అదే ఊరికి వెళ్లడానికి ఉంచండి. ఇంగ్లీషు రికార్డు మనకుంటుంది సరే, ఊరికి తెలుగులో ఒక పేజీ ఇద్దాం. గ్రామసభలో చదివి వినిపిద్దాం, మార్కులు దానికి వేద్దాం. సిలబస్ అవదని టెన్షన్ పడకండి, ఊళ్లో చూసొచ్చాక మా అప్పులు, వడ్డీల పాఠం ఆ ఏడాది రెండు క్లాసులు ముందే అయిపోయింది.

మేం ఆ పేజీ పట్టుకెళ్లి అదే అరుగు మీద చదివాం. ఆమె చివరిదాకా విని, "మూడు రూపాయలు కాదు బాబూ, పోయిన నెల నుంచి రెండున్నరకి ఒప్పించాను. దిద్దు" అంది.