టాప్‌లో కనిపించే మెమొరీ నిజమేనా? రెస్, పీఎస్ఎస్ తేడా చూద్దాం

నమస్తే అందరికీ, హనుమకొండ నుంచి ఇంకో లైనక్స్ వీడియో. ఏ ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్, ఎంత మెమొరీ తింటోందో సిస్టమ్ ఎట్లా లెక్క చెప్తుందో ఇవాళ చూద్దాం. టెర్మినల్ తెరవండి, టాప్ అని కొట్టండి. షిఫ్ట్ పట్టుకొని ఎం నొక్కితే ఎక్కువ తినేవి పైకొస్తాయి. చిన్న ఈ నొక్కండి, కేబీలు పోయి ఎంబీలు వస్తాయి. నేనైతే మామూలుగా హెచ్‌టాప్ వాడతా, రంగులుంటాయి, మౌస్ పనిచేస్తుంది. కానీ టాప్ దాదాపు ప్రతి మిషన్‌లో ఉంటుంది కదా, దాంతోనే పోదాం.

మూడు కాలమ్స్. వర్ట్ అంటే ప్రాసెస్ అడిగి పెట్టుకున్న మొత్తం, రెస్ అంటే నిజంగా ర్యామ్‌లో ఉన్నది, ఎస్‌హెచ్‌ఆర్ అంటే అందులో వేరేవాటితో పంచుకోగలిగేది. వర్ట్ చూసి పరేషాన్ కావద్దు. ఇదిగో, ఈ చిన్న సీ ప్రోగ్రామ్ మాలాక్‌తో, అంటే మెమొరీ అడిగే ఫంక్షన్‌తో, 1 జీబీ అడిగింది. వర్ట్ 1 జీబీ పెరిగింది. రెస్ చూడండి, ఒకటి రెండు ఎంబీలే. కెర్నల్, అంటే లైనక్స్ గుండెకాయ, మాట ఇచ్చింది, మెమొరీ ఇంకా ఇవ్వలేదు. ఇప్పుడు ఎంటర్ కొడితే ప్రోగ్రామ్ ఆ 1 జీబీ నిండా ఒకట్లు రాస్తుంది... చూశారా, ఇప్పుడు పెరిగింది రెస్. కెర్నల్ మెమొరీని పేజీలనే చిన్న ముక్కలుగా ఇస్తుంది, ముట్టుకున్న పేజీకే నిజమైన ర్యామ్. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

ఇప్పుడు అసలు లొల్లి. ఇదే ప్రోగ్రామ్ ఫోర్క్ చేసి, అంటే తన నకళ్లు తీసి, ముగ్గురు పిల్లల్ని పుట్టిస్తుంది. మొత్తం నాలుగు ప్రాసెస్‌లు. రెస్ చూడండి, నాలుగింటికీ 1 జీబీ, 1 జీబీ, 1 జీబీ, 1 జీబీ. కూడితే 4. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నదే 4 జీబీ! మరి వీడియో ఎట్లా రికార్డ్ అవుతోంది? పక్క విండోలో, ఎంత ర్యామ్ ఖాళీగా ఉందో చెప్పే ఫ్రీ కమాండ్ కొడుతున్నా, ఫోర్క్ ముందున్న అంకెకు దాదాపు తేడా లేదు.

ఎందుకంటే నాలుగూ ఒకే పేజీల్ని చూస్తున్నాయి, ఎవరైనా రాస్తేనే ఆ పేజీకి వేరే కాపీ. దీన్నే కాపీ ఆన్ రైట్ అంటారు. కాజీపేట స్టేషన్ నుంచి హనుమకొండ చౌరస్తాకు నలుగురు కలిసి ఆటో మాట్లాడుకున్నారనుకోండి. ఆటో ఎంతకు మాట్లాడావు అని ఎవరిని అడిగినా మొత్తం కిరాయే చెప్తారు. అది రెస్. ఎవరి వాటా ఎంత అని అడిగితే పీఎస్ఎస్, అంటే ప్రపోర్షనల్ సెట్ సైజ్.

సరే, రెస్‌లోంచి ఎస్‌హెచ్‌ఆర్ తీసేస్తే సరిపోదా? సరిపోదు! జర ఇక్కడ ఆగండి, నన్ను బాగా తిప్పలు పెట్టిన చోటు ఇదే. ఎస్‌హెచ్‌ఆర్ కాలమ్ చూడండి, ఒకటి రెండు ఎంబీలే ఉంది. 1 జీబీ పంచుకుంటున్నా సరే. ఆ కాలమ్ ఫైళ్ల నుంచి వచ్చిన పేజీల్ని, షేర్డ్ మెమొరీని మాత్రమే లెక్కపెడుతుంది. ఫోర్క్ వల్ల కలిసిన పేజీలు అందులోకి రావు.

అందుకే కెర్నల్ ప్రాసెస్‌ల వివరాలు చూపించే ప్రాక్ డైరెక్టరీలో, పీఐడీ అంటే ఆ ప్రాసెస్ నంబర్ కింద, స్మాప్స్ రోలప్ ఫైల్ తెరుస్తున్నా. స్క్రీన్ మీద ఉన్నట్టే కొట్టండి. ఈ ఫైల్ కెర్నల్ 4.14 నుంచి ఉంది, వేరే యూజర్ ప్రాసెస్ అయితే ముందు సుడో, అంటే అడ్మిన్ హక్కు, పెట్టాలి. పీఎస్ఎస్ లైన్ చూడండి, 256 ఎంబీ, కొంచెం అటూ ఇటూ. నాలుగూ కూడితే 1 జీబీ. లెక్క కుదిరింది.

ఇంకొకటి చూడండి, నాకు చాలా ఇష్టమైంది. ఒక పిల్ల ప్రాసెస్‌తో సగం, అంటే 512 ఎంబీ, మళ్లీ రాయిస్తున్నా. రెస్? కదల్లేదు, అదే 1 జీబీ. ఫ్రీ చూడండి, అర జీబీ పోయింది! పీఎస్ఎస్ 640కి ఎగిరింది. సొంత 512, మిగతా సగంలో నాలుగో వంతు 128. మిగిలిన మూడూ దాదాపు 299 చొప్పున అయ్యాయి. మీ సర్వర్‌లో ఇట్లా ఫోర్క్ అయిన వర్కర్ ప్రాసెస్‌లు మెల్లగా మెమొరీ తినేస్తుంటే రెస్ గ్రాఫ్ ఇట్లాగే నిద్రపోతుంటుంది.

మరి టాప్ మామూలుగా ఇదే ఎందుకు చూపించదు? పీఎస్ఎస్ చదివిన ప్రతిసారీ కెర్నల్ ఆ ప్రాసెస్ పేజ్ టేబుల్స్, అంటే ఏ పేజీ ఎక్కడుందో రాసుకున్న పట్టికలు, అన్నీ తిరగాలి. పెద్ద డేటాబేస్ ఉన్న మిషన్‌లో ప్రతి సెకనూ చదివించకండి. అన్ని ప్రాసెస్‌లకూ ఒకేసారి కావాలంటే ఎస్‌మెమ్ అనే టూల్ వేసుకోండి.

విండోస్ వాళ్లకు ఒక్క మాట. టాస్క్ మేనేజర్ చూపించేది ప్రైవేట్ వర్కింగ్ సెట్, పంచుకున్నవి అందులో ఉండవు. కాబట్టి రెస్‌తో పోల్చకండి.

ఆ, డెమో ఆపేటప్పుడు నాలుగు ప్రాసెస్‌లూ పోయాయో లేదో టాప్‌లో ఒకసారి చూసుకోండి.