చెవి దగ్గర పాడిన పాట

శ్రోతలకు నమస్కారం.

పాత పాటలు ఇంకా ఎందుకు వింటున్నారని అడిగితే చాలామంది చిన్ననాటి జ్ఞాపకాలని చెబుతారు. నాకు ఆ జవాబు సగమే నచ్చుతుంది. ప్రొద్దుటూరులో నేను బట్టలు కుట్టించుకునే దుకాణంలో కాజాలు కుట్టే కుర్రవాడికి ఇరవై ఏళ్లు దాటాయో లేదో. ఘంటసాల కన్నుమూసింది 1974లో. అయినా ఆయన పాట వస్తే, ఈ అబ్బాయి సూదిలో దారం ఎక్కిస్తూనే చరణం అందుకుంటాడు. అతనికి ఆ కాలపు జ్ఞాపకం ఎక్కడిది?

అసలు సంగతి ఆ పాటలు పుట్టిన తీరులో ఉంది. మైకు లేని రోజుల్లో గాయకుడి మొదటి పని చివరి వరుస దాకా వినిపించడం. తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ కాలంలో, నాటకంలో పద్యం ఎత్తుకున్న నటుడు పందిరి అంచున చాప పరుచుకున్నవాడి దాకా గొంతు విసరాలి. అదీ గొప్ప విద్యే, కాదనను. కానీ అందులో గుసగుసకు చోటు లేదు.

రికార్డింగులోనూ మొదట అంతే, గొట్టంలోకి బిగ్గరగా పాడేవారు. 1925లో మైక్రోఫోను వచ్చాక లెక్క మారిపోయింది. అమెరికాలో బింగ్ క్రాస్బీ మైకు దగ్గర నిలబడి, ఎదుటి మనిషితో మాట్లాడినంత నెమ్మదిగా పాడాడు. మన దగ్గర రావు బాలసరస్వతీదేవి, సాలూరి రాజేశ్వరరావు లలితగీతాల్లో ఉన్నదీ ఆ మెత్తదనమే. 1963లో కడపకు ఆకాశవాణి కేంద్రం వచ్చాక ఇలాంటి పాటలు మన వంటిళ్లకూ, మగ్గం గుంతల పక్కకూ మరింత దగ్గరయ్యాయి.

ఇక నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డు ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలే. సాగదీయడానికి వ్యవధి ఏది?

మన పులివెందుల వైపు నుంచి వెళ్లిన బి.ఎన్.రెడ్డి 1951లో తీసిన ‘మల్లీశ్వరి’ పాటలు వినండి. ఘంటసాల, భానుమతి నోరు విప్పగానే రాజేశ్వరరావు వాద్యాలు పక్కకు తప్పుకుంటాయి. దేవులపల్లి కృష్ణశాస్త్రి రాసిన మాట ఒక్కటీ జారిపోదు.

పాతదంతా బంగారమని నేను అనను. ముక్కుతో లాగినవి, ఒకే అచ్చులో పోసినవి ఆ రోజుల్లోనూ బోలెడు. వాటిని ఎవరూ మళ్లీ అడగలేదు, అంతే.

వినడానికి హాయిగా ఉంది గదా అని పాడటం తేలికనుకోకండి. గట్టిగా పాడితే శ్రుతిలో చిన్న తేడా సందడిలో కలిసిపోతుంది. మెల్లగా పాడేవాడికి దాక్కునే చోటు లేదు. ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా బయటపడుతుంది. కావాలంటే ఈ రాత్రి ఒక పాట విని, రెండో చరణం మీరే పాడి చూడండి. మీకు ఊపిరి ఎక్కడ అందలేదో గుర్తుపెట్టుకుని, ఘంటసాల అక్కడ ఏం చేశారో మళ్లీ వినండి.

సెలవు.